వజీఫా ఖైరాత్ కాదు, హక్

దరఖాస్తు, మంజూరు, బకాయి, రసీదు, హాజరు, తహసీల్దార్. పిల్లల కాలేజీ ఫీజు కోసం తిరిగేటప్పుడు చెవిన పడే ఈ మాటలన్నీ అరబీ, ఫారసీల నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చినవే. మాటలు మన ఇండ్లలో పుట్టి పెరిగినట్టే ఉంటాయి. వాటి వెనకున్న పైసలు మాత్రం మన ఇండ్లకు చేరడానికి చాలా కాలం పట్టింది.

మా శింగనమల వైపు బతుకంతా వేరుశనగ మీద, వాన మీద. వాన మొహం చాటేస్తే ముందు ఆగేది పిల్లల తాలీమే. అనంతపురంలో 1916లోనే దత్తమండలాల కాలేజీ వచ్చింది. 1948లో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. కాలేజీ దగ్గరుంటే చాలదు గదా, ఫీజు కట్టే దారి కూడా ఉండాల.

ఆ దారి మొదట కౌమ్ తనే వెతుక్కుంది. 1890లో అలీగఢ్ విద్యార్థులు అంజుమన్-అల్-ఫర్జ్ పెట్టి, సెలవుల్లో ఊర్లు తిరిగి బీద పిల్లల చదువుకు చందాలు పోగుచేశారు. మన సీమలో డాక్టర్ అబ్దుల్ హక్ 1947లో కర్నూలు ఉస్మానియా కాలేజీ నిలబెట్టారు. వాళ్లకు సలాం. అయితే చందా ఇచ్చేవాడి దిల్ మీద ఆధారపడుతుంది. హక్ అట్లా కాదు.

1944లో దళిత విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ వజీఫా రావడం వెనక అంబేద్కర్ ఉన్నారు. శింగనమల ఎస్సీ రిజర్వుడ్ నియోజకవర్గం, ఇక్కడ ఈ మాట మరవకూడదు. వాళ్లు తెరిచిన దర్వాజాలోంచే తర్వాత మనమూ లోపలికొచ్చాం. 2006లో సచార్ కమిటీ మన హాలత్ లెక్కలతో చూపింది. 2007లో 4 శాతం రిజర్వేషన్ చట్టంతో బీసీ-ఈ వచ్చింది. 2010లో హైకోర్టు కొట్టేసింది, అదే ఏడు మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ నడిచింది. 2021 ఏప్రిల్‌లో విద్యాదీవెన పైసలు తల్లుల ఖాతాల్లో పడ్డాయి, తర్వాతి సర్కారు మళ్లీ కాలేజీల వైపు మళ్లించింది. పేరు మారుతుంది, ఖాతా మారుతుంది, హక్ మారదు.

నాకు తెలిసిన ఒక ఇంట్లో ఆధార్‌లో ‘షేక్’ ముందుంది, పదో తరగతి మార్కుల జాబితాలో వెనకుంది. బిడ్డ వజీఫా ఏడాది ఆగింది. అబ్బా అప్పు చేసి ఫీజు కట్టి, "పోనీలే భాయ్, సర్కారు ఇచ్చేది ఖైరాతే గదా" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఖైరాత్ అనుకున్నవాడు గట్టిగా అడగడు. అడగనిది పోవడం సులభం. 2022లో కేంద్రం మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఆపేసినప్పుడు మన గల్లీల్లో ఎంతమందికి ఖబర్ ఉంది?

అందుకే ఇంటర్ చదివేటప్పుడే కాగితాలు సరిచేసుకోండి. పేరు అన్నిచోట్లా ఒకటే ఉండాల. ఏటా ఆదాయం 2.5 లక్షల లోపని సర్టిఫికెట్, 75 శాతం హాజరు కావాల. దూదేకుల వారు బీసీ-బీ, షేక్‌లు బీసీ-ఈ. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు బీసీ-ఈలో లేకపోయినా మైనారిటీ కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఖైరాత్ రాకపోతే సబర్ చేస్తాం. హక్ రాకపోతే కాగితం మీద రాసి అడగాల, రసీదు తీసుకునే ఇంటికి రావాల.