ఒక్క రోగికి సరిపడా మందు

లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ గేటు దగ్గర షిఫ్టు మారుతోంది. సైకిళ్లు, స్కూటర్లు, చాయ్ బండి చుట్టూ నూనె మరకల చొక్కాలు. 1893 నుంచీ ఇక్కడ పనంటే టన్నుల లెక్కే. మీ ఆటో తార్నాక దాటి హబ్సిగూడ రోడ్డెక్కుతుంది. అదిగో సీసీఎంబీ పరిశోధన సంస్థ. కోవిడ్ కోసం దేశీయంగా ఎంఆర్‌ఎన్‌ఏ టీకా సాంకేతికతను తయారుచేసి, ఎలుకల్లో పనిచేసిందని అక్కడి అటల్ ఇంక్యుబేషన్ సెంటర్ ప్రకటించింది 2022 మేలో. ఈ దారిలోనే ఇంకో చిన్న ల్యాబ్ ఉందనుకుని లోపలికి రండి.

ముందు గ్లవ్స్, మాస్కు. ఇక్కడ మీ చెయ్యే పెద్ద ప్రమాదం. చర్మం మీదా ఉమ్ములోనూ ఉండే ఆర్‌నేజ్ అనే ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏని తునకలు చేసేస్తుంది. నీళ్లు మరిగించినా చావని మొండిది. అందుకే ఎంఆర్‌ఎన్‌ఏ తయారీని మనిషి చేతి నుంచి తప్పించి చిప్‌కి అప్పగించారు. వేగం ఆ తర్వాతి సంగతి.

బల్లమీద అరచేతిలో పట్టేంత పారదర్శకమైన పలక. అందులో కంటికి సరిగ్గా ఆనని కాలువలు. పంపు సన్నగా గుర్రుమంటుంది. డీఎన్‌ఏ అచ్చు ఒక దారిన, టీ7 పాలిమరేజ్ ఎంజైమ్, న్యూక్లియోటైడ్లు మరో దారిన వచ్చి 37 డిగ్రీల గదిలో కలుస్తాయి. ఓ రెండు గంటల్లో అక్కడే ఎంఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది.

ఇక మైక్రోస్కోపులో కన్నుపెట్టండి. నన్నడిగితే అసలు తెలివంతా శుద్ధి చేయడంలోనే ఉంది. గోధుమరంగు అయస్కాంత పూసలు ప్రవాహంలో కొట్టుకొస్తున్నాయి. వాటి ఒంటినిండా 'టీ' అక్షరాల తోకలు. ఎంఆర్‌ఎన్‌ఏ చివరుండే 'ఏ'ల వరస, ఉప్పు ఎక్కువున్న ద్రావణంలో, వాటికి అతుక్కుంటుంది. పక్కనున్న అయస్కాంతం లాగగానే పూసలన్నీ గోడకి చేరి గుట్టపడతాయి. మిగిలిపోయిన ఎంజైమ్, వాడని న్యూక్లియోటైడ్లు కడిగేసినట్టు వెళ్లిపోతాయి. ఉప్పు తగ్గించిన నీరు వదిలితే ఎంఆర్‌ఎన్‌ఏ పూసల్ని విడిచి ముందుకు కదులుతుంది. అయితే, తయారీలో అదనంగా పుట్టే రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ ఇక్కడ పూర్తిగా పోదు. అది శరీరంలోకెళ్తే అనవసరంగా మంట పుట్టిస్తుంది. దానికోసం సెల్యులోజ్‌తో ఇంకో వడపోత.

చివరిది కొవ్వు తొడుగు. ఇంత సన్నటి కాలువలో రెండు ద్రవాలు పక్కపక్కన పారతాయే గానీ త్వరగా కలవవు. అందుకని అడుగున చేపముల్లు ఆకారంలో గాడులు చెక్కారు. మూడు వంతుల ఆర్‌ఎన్‌ఏ ద్రావణం, ఒక వంతు ఇథనాల్‌లో కరిగిన కొవ్వులు అక్కడ సుడి తిరిగి, రెప్పపాటులోపే వంద నానోమీటర్ల అటూఇటూ రేణువులవుతాయి.

ఇంత కొంచెం ఎవరికంటారా? ఫిలడెల్ఫియాలో, 2025లో, అరుదైన జన్యులోపమున్న పసివాడికి ఒక్కడికోసమే ఎంఆర్‌ఎన్‌ఏ ఆధారిత జన్యు చికిత్స తయారైంది. ఆ బృందంలో ముఖ్యుడు కిరణ్ ముసునూరు. ఇంటిపేరు విని తెలుగు చెవి నిక్కబొడుచుకుంటే తప్పులేదు. అలాంటి మందుకి వెయ్యి లీటర్ల తొట్టి దండగ.

పూట తిరక్కుండానే ట్యూబు నిండింది. లేబులు అంటించి ఫ్రీజర్లో పెట్టేశారు. సూక్ష్మజీవులేవీ లేవని తేల్చే సాధారణ పరీక్షకు మాత్రం 14 రోజులు పడుతుంది. దాన్ని ఈ చిప్ తొందరపెట్టలేదు.