ఏరో చక్రాలు

ఏరో చక్రాలు గాలి నిరోధాన్ని తగ్గించడానికి లోతైన రిమ్ముతో గానీ, పూర్తి పళ్లెం (డిస్క్) ఆకారంలో గానీ తయారయ్యే పందెపు సైకిల్ చక్రాలు. సాధారణ చక్రం రిమ్ము లోతు 20–30 మిల్లీమీటర్లు. వీటిలో అది 40 నుంచి 90 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది.

1984 జనవరిలో మెక్సికో నగరంలో ఇటలీ సైక్లిస్టు ఫ్రాంచెస్కో మోజెర్ డిస్క్ చక్రాలతో గంటలో 51.151 కిలోమీటర్లు తొక్కడంతో ఇవి ప్రాచుర్యం పొందాయి. 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైక్లింగ్, 42.2 కి.మీ. పరుగు కలిసిన ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్‌లో వీటి వాడకం ఎక్కువ. గాలి నిరోధాన్ని అధిగమించడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి అనులోమంగా పెరగడమే ఇందుకు కారణం.

సాధనలో సాధారణంగా అల్యూమినియం చక్రాలు వాడి, పోటీకి ముందు కొన్ని దూరప్రయాణాలకు మాత్రమే ఏరో చక్రాలు బిగిస్తారు. పక్కగాలి వీచినప్పుడు ముందు చక్రం హ్యాండిల్‌ను లాగుతుంది. దాన్ని అదుపు చేయడం అలవాటు కావాలి. రిమ్ బ్రేకులుంటే కార్బన్ రిమ్ములకు ప్రత్యేక బ్రేక్ ప్యాడ్లు అవసరం. లోతైన రిమ్ము ఉన్న చక్రం టైరులో గాలి కొట్టాలంటే పొడవాటి వాల్వు గానీ, దానికి అదనపు గొట్టం గానీ ఉండాలి.

హైదరాబాద్–సికింద్రాబాద్ జంటనగరాల్లో సాధన చేసే సైక్లిస్టుల కోసం అవుటర్ రింగ్ రోడ్డు వెంట పశ్చిమాన 23 కి.మీ. సౌరఫలకాల పైకప్పు గల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది.