జెండాకు నిప్పు పెడితే జైలు.. మరి జెండా ఎగరేయనివ్వకపోతే?

2020 జనవరి 10, శుక్రవారం. బహదూర్‌పురా ప్రాంతంలోని మీరాలం ఈద్గా నుంచి శాస్త్రిపురం దాకా పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా తిరంగా ర్యాలీ నడిచింది. నెల రోజుల ముందే, డిసెంబర్ 9న, హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ లోక్‌సభలో ఆ బిల్లు ప్రతిని చించేశారు. సభలో చిరిగింది బిల్లు, వీధిలో ఎగిరింది జాతీయ జెండా. మీరు ఈ దేశం వాళ్లేనా అని అడుగుతున్న ప్రభుత్వానికి పాతబస్తీ జనం జెండానే జవాబుగా చూపించారు. వాళ్ల కోపం ప్రభుత్వం మీద, జెండా మీద కాదు.

ఆ రోడ్డు మీదే ఎవరైనా ఒక్కరు జెండాకు నిప్పు పెట్టి ఉంటే? ర్యాలీ మొత్తం ఆ ఒక్క మంటలో కొట్టుకుపోయేది. టీవీలకు ఇంకో వార్త ఉండేది కాదు. అందుకే జెండా కాల్చాలా వద్దా అన్నది ఉద్యమం తేల్చుకోవాల్సిన ప్రశ్న అయితే, కాల్చినవారిని జైల్లో పెట్టాలా అన్నది వేరే ప్రశ్న. ఇక్కడ మేము మాట్లాడేది రెండోదాని గురించి.

మన దేశంలో ఇది 1971 నాటి జాతీయ గౌరవ అవమాన నిరోధక చట్టం పరిధిలోకి వస్తుంది. బహిరంగ ప్రదేశంలో గానీ, నలుగురికీ కనిపించేచోట గానీ జాతీయ జెండాను కాల్చినా, చింపినా, తొక్కినా, మాటలతో గానీ చేతలతో గానీ అవమానించినా మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే కనీసం ఏడాది జైలు. విద్యార్థులు చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఇదే సెక్షన్ 2 జెండాతోపాటు భారత రాజ్యాంగాన్ని కూడా ఒకే వాక్యంలో చేర్చింది. జెండాను కాల్చినా, రాజ్యాంగ ప్రతిని కాల్చినా ఒకటే శిక్ష.

ఆ సెక్షన్ కిందే ఒక వివరణ ఉంది. చట్టబద్ధ మార్గంలో రాజ్యాంగాన్ని సవరించాలనో, జెండాను మార్చాలనో కోరుతూ చేసే విమర్శ నేరం కాదు. 2022 ఫిబ్రవరిలో అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్‌రావు కొత్త రాజ్యాంగం కావాలన్నప్పుడు తెలంగాణలో దళిత సంఘాలు మండిపడ్డాయి. రాజకీయంగా ఆ మండిపాటు న్యాయమైనదే. చట్టపరంగా మాత్రం అలాంటి మాటను కాపాడటానికే ఈ వివరణ ఉందని మా అభిప్రాయం.

జెండాను కాల్చమని చెప్పే నిబంధన కూడా ఉంది. 2002 ఫ్లాగ్ కోడ్ ప్రకారం చిరిగి పాడైన జెండాను గౌరవంగా, ఏకాంతంగా, వీలైతే కాల్చి, పూర్తిగా నాశనం చేయాలి. అంటే నేరం మంటలో లేదు, ఆ మంట ఏం చెబుతోందన్న దాంట్లో ఉంది. ఆగస్టు 16న నగరంలో ఏ చౌరస్తాకైనా వెళ్లి చూడండి. నిన్న సిగ్నళ్ల దగ్గర అమ్మిన చిన్న జెండాలు ఇవాళ కాలువ పక్కన పడి ఉంటాయి. వాటిని చీపురుతో ఊడ్చి చెత్తబండిలో వేసేది పారిశుద్ధ్య కార్మికులు. వారిలో అత్యధికులు మన దళితులే. జెండాను నేల మీద పడేయొద్దని ఫ్లాగ్ కోడ్ చెబుతుంది. పడేసిన వాళ్ల మీద కేసు ఉండదు, ఎత్తిన వాళ్లకు గ్లౌజులు ఉండవు.

రాజ్యాంగం ఈ సెక్షన్‌లోకి ఎలా వచ్చిందో తెలియాలంటే 1957కు వెళ్లాలి. ఆ ఏడాది నవంబర్ 26న పెరియార్ పిలుపు మీద వేలమంది ద్రావిడ కళగం కార్యకర్తలు, కులాన్ని కాపాడుతున్నాయంటూ రాజ్యాంగ భాగాలను కాల్చి జైళ్లకు వెళ్లారు. దాన్ని అడ్డుకోవడానికి మద్రాసు ప్రభుత్వం మూడేళ్ల శిక్షతో హడావుడిగా ఒక చట్టం తెచ్చింది. 1971 కేంద్ర చట్టానికి ముందు నడిచిన చట్టం అది. కుల నిర్మూలన కోసం పెట్టిన మంటను ఆర్పడానికి పుట్టిన ఆలోచన ఇది అన్నమాట.

అంతకంటే ముందు, 1953 సెప్టెంబర్ 2న, రాజ్యసభలో ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద చర్చ జరుగుతోంది. ఆంధ్ర రాష్ట్రం పుట్టుక గురించిన ఆ చర్చలోనే, మైనారిటీల రక్షణకు గవర్నర్‌కు అధికారాలు ఉండాలన్న వాదన మధ్య, ఈ రాజ్యాంగాన్ని కాల్చేవాళ్లలో తానే మొదటివాడినవుతానని బాబాసాహెబ్ అంబేడ్కర్ అన్నారు. 1955 మార్చిలో కారణం అడిగితే, దేవుడి కోసం గుడి కడితే దేవుడికంటే ముందే దయ్యాలు చేరిపోతే ఏం చేయాలన్న అర్థంలో జవాబిచ్చారు. సభలో మాట్లాడిన మాటకు 105వ అధికరణ రక్షణ ఉంది. అదే మాటను ఇవాళ ఒక విద్యార్థి బయట మైకులో అంటే? మాటలతో చేసే అవమానం కూడా సెక్షన్ 2లో ఉందని మర్చిపోవద్దు.

ఇక్కడి దాకా చదివి, ఈ చట్టం వద్దు అనేయడం తేలిక. మాకు అంత తేలికగా లేదు. 2018 ఆగస్టు 9న ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర రిజర్వేషన్ల వ్యతిరేకులు కొందరు రాజ్యాంగ ప్రతిని కాల్చారు, అంబేడ్కర్‌కు వ్యతిరేకంగా నినాదాలు చేశారు, వీడియో తీసి వదిలారు. దేశమంతా దళితులు రోడ్డెక్కారు. పోలీసులు కేసు పెట్టింది ఈ 1971 చట్టం కిందే. ఒక మంట కులాన్ని తగలబెట్టాలనుకుంది, ఇంకో మంట కులాన్ని నిలబెట్టాలనుకుంది. సెక్షన్ 2కు రెండూ ఒకటే.

మాలో ఏకాభిప్రాయం లేదు. జెండా వేరు, రాజ్యాంగం వేరు, మనకు మనిషి హోదా ఇచ్చిన పుస్తకాన్ని కాల్చినవాణ్ని వదలొద్దు అనేవాళ్లు మాలోనే ఉన్నారు. ఆ బాధ నిజమైనది. అయినా 2018లో ప్రమాదం ఉన్నది కాలిన కాగితంలో కాదు, మన మీద రెచ్చగొట్టిన ద్వేషంలో. దానికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న నిబంధనలు సరిపోతాయి. మన మీద శత్రుత్వం రెచ్చగొట్టడం సెక్షన్ 3(1)(యు), మనం గౌరవించే దివంగతులను అవమానించడం సెక్షన్ 3(1)(వి) కిందికి వస్తాయి. అవి మనిషిని కాపాడతాయి. జాతి గౌరవం పేరు మీద వచ్చే సెక్షన్ ఎప్పుడు ఎవరి మీదికి తిరుగుతుందో పాతబస్తీకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

న్యాయవాదన కూడా ఉంది. భావప్రకటనపై ఆంక్షలకు 19(2) అధికరణ కారణాల జాబితా ఇస్తుంది. దేశ సమగ్రత, శాంతిభద్రతలు, కోర్టు ధిక్కారం, పరువు నష్టం లాంటివి అందులో ఉన్నాయి. జాతీయ గౌరవం అన్న మాట లేదు. 2004లో నవీన్ జిందాల్ కేసులో జెండా ఎగరేయడం భావప్రకటనే, అది ప్రాథమిక హక్కే అని సుప్రీంకోర్టు చెప్పింది, కానీ 1971 చట్టానికి లోబడే అంది. ఎగరేయడం భావమైతే కాల్చడం కూడా భావమే కదా, నచ్చని భావం అయినా సరే. అమెరికా కోర్టు ఆ అడుగు వేసింది. 1966 జూన్‌లో పౌరహక్కుల నాయకుడు జేమ్స్ మెరెడిత్‌ను కాల్చారని విని, సిడ్నీ స్ట్రీట్ అనే నల్లజాతి మాజీ సైనికుడు బ్రూక్లిన్ వీధిలో తన సొంత జెండాకు నిప్పు పెట్టాడు. అతడి శిక్షను 1969లో సుప్రీంకోర్టు, అతడు అన్న మాటలకు శిక్ష పడి ఉండొచ్చన్న కారణంతో, కొట్టేసింది. కాల్చడం కూడా హక్కేనని 1989లో టెక్సస్ వర్సెస్ జాన్సన్ కేసులో 5–4 మెజారిటీతో తేల్చింది. 2025 ఆగస్టులో ట్రంప్ జెండా కాల్చినవారిపై కేసులు పెట్టమని ఉత్తర్వు ఇచ్చినా ఆ తీర్పు అలాగే ఉంది.

సొంత జెండాను, ఎవరినీ బెదిరించకుండా, ఎవరి ఆస్తికీ నష్టం లేకుండా కాలిస్తే జైలు ఉండకూడదన్నదే మా మాట. కానీ ఇవాళ ఉన్న చట్టం వేరు. కార్యకర్తలు ఆ తేడా మర్చిపోతే నష్టపోయేది పేద పిల్లలే. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో కాల్చిన మనుస్మృతి ఈ సెక్షన్‌లో లేదు. జీవో ప్రతులు, బిల్లులు, దిష్టిబొమ్మలు కూడా లేవు. వాటికి పోలీసులు శాంతిభద్రతల సెక్షన్లు వెతుక్కోవాల్సిందే.

ఈ నగరంలో ఒకప్పుడు జెండా ఎగరేయడమే నేరం. 1947 ఆగస్టు 15న సుల్తాన్‌బజార్‌లో భారత జెండా ఎగరేసినందుకు నిజాం ప్రభుత్వం స్వామి రామానందతీర్థను అరెస్టు చేసింది. నిజాం పోయాడు. 2020 ఆగస్టు 15న తమిళనాడు తిరువళ్లూరు జిల్లా ఆత్తుపాక్కంలో పంచాయతీ అధ్యక్షురాలిని, దళిత మహిళ అని, జెండా ఎగరేయనివ్వలేదు. ఐదు రోజుల తర్వాత కలెక్టర్ వచ్చి ఎగరేయించారు. జాతీయ గీతం పాడనివ్వకుండా అడ్డుకుంటే మూడేళ్లు అని 1971 చట్టం సెక్షన్ 3 చెబుతోంది. జెండా ఎగరేయనివ్వకపోతే ఏమిటన్నది ఆ చట్టంలో ఎక్కడా రాసి లేదు. అలాంటిది మీ ఊళ్లో జరిగితే ఫిర్యాదులో రాయాల్సింది ఎస్సీ, ఎస్టీ చట్టంలోని 3(1)(ఎం), అంటే పంచాయతీ పదవిలో ఉన్న దళితులను, ఆదివాసీలను విధులు చేయనివ్వకుండా అడ్డుకోవడం.