పంతొమ్మిదో గేటు

2024 ఆగస్టు 10, శనివారం రాత్రి. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం పక్కన గుట్ట మీద ఉన్నారు మీరు. కింద దీపాల వెలుతురులో 33 గేట్ల వరుస కనిపిస్తోంది. వాటి వెనకాల నిండు జలాశయం, అంచు దాకా. ఎండాకాలంలో అడుగంటిన డ్యాం ఇది. ఎగువన మలెనాడు వానలు దంచికొట్టడంతో కొద్ది వారాల్లోనే 105 టీఎంసీలకు చేరింది. కాలువలకు నీళ్లొదిలారు. బళ్లారి, రాయచూరు, కొప్పళ నుంచి ఇటు అనంతపురం, కర్నూలు దాకా నారుమళ్లు పోసుకున్నవాళ్లంతా ఈ రాత్రి నిశ్చింతగా పడుకున్నారు.

పంతొమ్మిదో గేటు చైను లింకు తెగింది. గేటు కొట్టుకుపోయింది.

గేటంటే ఏ ఇంటి తలుపో అనుకునేరు. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తున్న ఇనుప పలక అది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఆ పలక మీద పడే ఒత్తిడిని లెక్కగడితే దాదాపు 340 టన్నులు వస్తుంది. 1953లో నీళ్లు నిలిపినప్పటి నుంచి ఏటా వానాకాలం ఆ బరువును ఆపుతూ, వదలమన్నప్పుడు వదులుతూ వచ్చింది. డెబ్భై ఏళ్లు. సున్నం, సుర్ఖీ పెట్టి కట్టిన రాతి గోడ మాత్రం చెక్కుచెదరలేదు. గోడ కట్టినవాళ్లను మెచ్చుకోవాల్సిందే. కానీ డ్యాంలో కదిలే భాగాలకు గోడకున్నంత ఆయుష్షు ఉండదన్న సంగతి మనం ఎందుకో ప్రతిసారీ మరిచిపోతాం.

ఆదివారం తెల్లవారాక మళ్లీ చూడండి. గేటు పోయిన చోట ఒక్క కంత కనిపిస్తుందనుకుంటారు. తీరా చూస్తే వరుస మొత్తం తెల్లగా దూకుతోంది. ఉన్న గేట్లన్నీ ఎత్తేశారు. ఒడ్డున చేరిన జనం నోరెళ్లబెట్టి చూస్తున్నారు. పోయేదాన్ని ఆపకుండా ఉన్నదాన్ని కూడా వదులుతారేంటని గొణుక్కుంటున్నారు. వాళ్లను తప్పు పట్టలేం. చూడ్డానికి అలాగే ఉంది. కానీ నీటిమట్టం దిగకపోతే ఆ కంత దగ్గరికి పోయేదెవరు? పక్క గేట్ల మీద అదే వయసు, అదే ఒత్తిడి. వాటిలో మరొకటి తెగితే? అందుకని లక్ష క్యూసెక్కులు నదిలోకి పంపిస్తున్నారు. లక్ష క్యూసెక్కులు ఒక్క రోజు పారితే 8.64 టీఎంసీలు. చేతి వేళ్ల మీద లెక్కేసుకుంటున్న రైతుకు ఆ అంకె చాలు, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టవుతుంది.

దిగువన హంపి, ఆనెగొంది, కంప్లి. ఇంకా కిందికి వస్తే మన కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం. నది ఒడ్డుకు పోవద్దని అక్కడ హెచ్చరికలు పెట్టారు. ఆ నీళ్లు సుంకేశుల దాటి శ్రీశైలానికి చేరతాయి, కాబట్టి పూర్తిగా వృథా అనడానికి లేదు. కానీ ఈ డ్యాం ఎగువ కాలువ (హెచ్చెల్సీ) కింద చేను ఉన్నవాడికి శ్రీశైలంలో చేరిన నీళ్లతో ఏం పని? అనంతపురం పట్టణంలో కుళాయి తిప్పేవాడికీ అంతే. ఈ డ్యాం నుంచి కాలువలో రావాల్సిన నీళ్లే అతనికి తాగునీళ్లు.

లెక్క ఇలా ఉంది. నిండు మట్టం 1633 అడుగులు. గేటు కింది అంచు 1613. నీళ్లు అంత కిందికి దిగితే కొత్త గేటును పొడి చోట పెట్టుకోవచ్చు. అలా దించాలంటే సుమారు 60 టీఎంసీలు వదులుకోవాలి. వదిలాక మళ్లీ నిండుతుందని ఎవరూ పూచీ పడలేరు.

ఇక్కడికి వచ్చాడు కన్నయ్యనాయుడు. చిత్తూరు జిల్లా మనిషి, డెబ్భై దాటిన వయసు. డ్యాం పక్కనే గేట్లు తయారుచేసిన తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. దేశంలో ఎన్నో డ్యాంలకు గేట్లు చేసిచ్చిన కంపెనీని మూసేసుకుని, గేటు కొట్టుకుపోయిన రోజున దాని పాత ఇంజినీరు కోసం కబురంపడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆయన చెప్పిన దారి వేరు. నీళ్లు పారుతుండగానే స్టాప్‌లాగ్ దించుదాం. 20 అడుగుల ఎత్తును ఐదు ముక్కలు చేసి, ఒక్కోటి 60 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తున్న ఉక్కు దిమ్మెలుగా తయారుచేసి, ఒకదాని మీద ఒకటి పేరుద్దాం.

ఇలాంటివి ముందే చేసి ఒక మూల పెట్టుకుంటారు. ఇక్కడ సిద్ధంగా లేవు. తోరణగల్లు, హోస్పేటల్లోని వర్క్‌షాపుల్లో రాత్రీ పగలూ వెల్డింగ్ మెరుపులే.

ఆగస్టు 15, గురువారం. మొదటి ప్రయత్నం. కుదరలేదు.

శుక్రవారం సాయంత్రానికి వద్దాం. ఇప్పుడు మీరు గుట్ట దిగి డ్యాం పైకి వచ్చారనుకోండి. కాళ్ల కింద రాయి సన్నగా అదురుతోంది. తుంపర మొహాన కొడుతోంది. పక్కవాడికి ఏదైనా చెప్పాలంటే చెవిలో అరవాలి, అందుకని అంతా చేతి సైగలే. క్రేన్ల కొక్కేలకు దిమ్మె వేలాడుతోంది. రెండు పక్కలా పియర్లలో గేటు జారే గాడులున్నాయి. దిమ్మె రెండు కొనలూ ఒకే సమయంలో ఆ గాడుల్లో పడాలి. ఒక కొన వేలెడంత ముందుగా దిగినా వంకరగా బిగుసుకుంటుంది. బిగుసుకుందంటే తీయడం వెయ్యడం కంటే కష్టం. గాలికి దిమ్మె మెల్లగా తిరుగుతోంది. తాళ్లు పట్టుకున్నవాళ్లు వెనక్కి వాలి ఆపుతున్నారు. అందరి కళ్లూ ఆ గాడుల మీదే.

కింది అంచు నీళ్లను తాకింది. అంతవరకూ కిందికి వేలాడిన బరువు ఒక్కసారిగా పక్కకు లాగడం మొదలుపెడుతుంది. ప్రవాహం దిమ్మెను గాడి గోడకు అదిమేస్తుంది. రాపిడికి తన బరువుతో తాను దిగడానికి మొరాయిస్తుంది. ఇక్కడ తొందరపడి వదిలేసినా నష్టమే, ఆలస్యం చేసినా నష్టమే. అంగుళం, ఆగు. మరో అంగుళం, ఆగు. సైగ చేసే చెయ్యి పైకి లేచి నిలిచిపోయింది. తాడు సడలింది.

కూర్చుంది. ఈలలు, చప్పట్లు. ఎవరో ఎవరినో కౌగిలించుకుంటున్నారు. కంతలో అడుగున నాలుగడుగులు మూసుకుపోయాయి, దాని మీది నుంచి నీళ్లు ఇంకా దూకుతూనే ఉన్నాయి. శనివారం మిగతా దిమ్మెలు కూడా దిగాయి. వారం రోజులు పట్టింది. అప్పటికి డ్యాంలో 70 టీఎంసీలకు కాస్త అటూ ఇటూగా మిగిలాయి. తర్వాతి వానలకు మళ్లీ నిండింది కాబట్టి ఆ ఏడు గట్టెక్కాం. వాన దయ అది, మన తెలివి కాదు.

గొలుసు లింకులో లోపం ముందే ఎందుకు కనిపించలేదు? నిజానికి ఏటా ఎండాకాలంలో నీళ్లు 1613 కిందికి పోయి గేట్లు పొడిగా నిలబడతాయి. గ్రీజు పెట్టడం, రబ్బరు సీళ్లు మార్చడం, రంగు వేయడం అప్పుడే. అయితే రంగు వేసిన గొలుసు దూరం నుంచి ఎప్పుడూ బాగానే ఉంటుంది. పిన్ను లోపల ఎంత అరిగిందో చూడాలంటే విప్పాలి. విప్పాక పనికిరాదని తేలితే మార్చాలి. ఒకటైతే ఆ ఎండాకాలంలోనే అవుతుంది, 33 మార్చాలంటే ఒక పంట కాలం కావాలి. పంట వదులుకోమని రైతుకు చెప్పే ధైర్యం ఏ ప్రభుత్వానికి ఉంటుంది? అందుకే రంగు వేస్తారు.

మనకిది కొత్తా అంటే అదీ కాదు. 2021 ఆగస్టులో పులిచింతల పదహారో గేటు కొట్టుకుపోయింది. ఆ నవంబరులో అన్నమయ్య డ్యాం మట్టికట్టే తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. ఆ డ్యాంకున్నవి ఐదు గేట్లు, వాటిలో ఒకటి పనిచేయడం లేదు. గుండ్లకమ్మలో 2022లో ఒక గేటు, మరుసటి ఏడాది ఇంకొకటి పోయాయి. ప్రతిసారీ మంత్రులు వచ్చారు, చూశారు. ఆనకట్టల భద్రతా చట్టం కూడా 2021లోనే వచ్చింది. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తనిఖీ చేయాలని అందులో రాసుకున్నాం. తనిఖీ చేసినవాడు రాసిన కాగితానికి డబ్బులెప్పుడు వస్తాయన్నది ఇంకో కథ.

తుంగభద్ర దగ్గర నిపుణుల కమిటీ చూసి, ఒక్క పంతొమ్మిదోది కాదు, 33 గేట్లూ మార్చమంది. 2025 వానాకాలంలో నీళ్లు వస్తున్నా 80 టీఎంసీలకు మించి నిలపలేదు. గేట్ల మీద భారం పడకుండా మిగతాది నదిలోకే వదిలేశారు. ఆ చలికాలం రెండో పంటకు నీళ్లివ్వమని చెప్పేశారు. తాగునీళ్ల వాటా పక్కన పెట్టి, ఉన్నదాన్ని దించి, గేట్ల పనికి దారి చేశారు. 2024 ఆగస్టుకు ముందు ఏ ఏడాదైనా ఇదే మాట చెప్పి ఉంటే ఆయకట్టు భగ్గుమనేది. అప్పుడు రైతులు అడిగింది ఒక్కటే. వచ్చే ఖరీఫ్‌కు ముందే 33 గేట్లూ ఎక్కుతాయా?