చెన్నపట్నం పుట్టుకలో దామెర్ల సోదరులు

ఉద్యోగాలకని, చదువులకని చెన్నపట్నం చేరి స్థిరపడిన తెలుగువారం మనం. ఏటేటా ఉగాదినాడు ఒకచోట కలుసుకొంటున్నాము. ఈ పట్నం పుట్టుకలో ఒక తెలుగింటి అన్నదమ్ముల చేయి ఉన్నదని మన పిల్లలలో ఎందరికి తెలుసును?

పదిహేడవ శతాబ్దపు తొలి భాగంలో ఈ సీమ విజయనగర ఆరవీటి రాజుల ఏలుబడిలో ఉండేది. రాజు నాయకునికి భూమి ఇచ్చేవాడు. నాయకుడు సేనను పోషించి, పిలుపు వచ్చినప్పుడు యుద్ధానికి తరలిరావాలి. అందుచేత ఒకే ఇంటి సోదరులు కలిసి దండులో పనిచేయడం ఆనాడు వాడుకే. దామెర్ల చెన్నప్ప నాయకుని కుమారులు వేంకటాద్రి, అయ్యప్ప అటువంటివారు. వేంకటాద్రి వందవాసిని, అయ్యప్ప పూందమల్లిని స్థావరం చేసుకొని ఒకరికొకరు అండగా నిలిచారు.

పులికాటులో డచ్చివారు, శాంథోములో పోర్చుగీసువారు పాతుకొని ఉన్న రోజులవి. దుగరాజపట్నంలో వర్తకం సాగక చోటు వెదకుతున్న ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకు 1639లో ఈ సోదరులు ఆ రెండింటి నడుమ స్థలం చూపించి, కోట కట్టుకొనడానికీ నాణెం ముద్రించడానికీ అనుమతి ఇచ్చారు. అయ్యప్ప తండ్రి పేర చెన్నపట్నం నిర్మించాడని ఆ ఇంటి కవి దామెర్ల అంకభూపాలుడు తన ‘ఉషాపరిణయము’లో చెప్పుకొన్నాడు. పట్నం పేరుకు వేరే కారణాలు చెప్పేవారూ లేకపోలేదు.

1642–43 నాటి కల్లోలంలో, గోల్కొండతో మంతనాలు సాగించాడన్న అనుమానంపై వేంకటాద్రి రాజుకు బందీ అయినాడు. సోదరుడు, బంధువులు సేనను కూర్చి అతనిని విడిపించుకొన్నారు. రాజు కొలువులో పెరిగిన కత్తి రాజుమీదనే లేచింది! తోడబుట్టినవానిని విడిచిపెట్టలేదని వారిని మెచ్చుకొందాము. అయితే ఇంటిపోరుతో సడలిన రాజ్యాన్ని కొద్ది ఏండ్లలోనే గోల్కొండ మింగినదనీ, సముద్రపుటొడ్డున ఇంగ్లీషు కోట మాత్రం నిలిచిపోయిందనీ మరువరాదు.

1996లో ‘మద్రాసు’ పోయి ‘చెన్నై’ అధికారనామమైనది. ఆ పేరు పలికినప్పుడు చెన్నప్పనూ, ఆయన బిడ్డలనూ తలచుకొందాము. నేడు మన అన్నదమ్ములు ఒకరు ఇక్కడ, ఒకరు హైదరాబాదులో, మరొకరు అమెరికాలో ఉంటున్నారు. ఎక్కడ ఉన్నా కష్టకాలంలో ఒకరికొకరు పలికే ఐకమత్యం ఈ నూతన సంవత్సరం మన ఇండ్లన్నిటా నింపుగాక!