గడి

గడి తెలుగున నిత్యవ్యవహారమందున్న నామవాచకము. స్థలమునుబట్టియు పలుకువారినిబట్టియు భావము మార్చుకొనునట్టిది. దీనికి ఎల్ల, సరిహద్దు అను అర్థము కలదు. పొరుగున కన్నడమున నేటికిని ఇదియే ప్రధానార్థము. చదరంగపు బల్లమీది చతురస్రమును, పత్రికలలోని పదకేళియందు అక్షరము నింపు చోటును గడియే. అనుభవమున ఆఱితేఱినవానిని గడితేఱినవాడందురు.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములందు మాత్రము గడి యనగానే జనులకు మొదట స్ఫురించునది దొర నివాసము. నిజాము రాజ్యమున దేశ్‌ముఖులును, పెద్ద భూస్వాములును ఎత్తైన ప్రహరీలతో, బురుజులతో, పెద్ద దర్వాజలతో కట్టించుకొనిన కోటవంటి భవనమునకు ఈ పేరు చెల్లినది. మరాఠీ, హిందీ భాషలలో చిన్నకోటను తెలుపు ‘గఢీ’ శబ్దముతో దీని సంబంధము స్పష్టము. బల్లమీది చదరములు పెక్కైనచో ‘గళ్ళు’, దొరల భవనములు పెక్కైనచో ‘గడీలు’; ఈ భేదమును ఏ వ్యాకరణమును చదువని పల్లెవాసులును తప్పక పాటింతురు.

దొర కాపురమును, కచేరియు, ధాన్యపు కొట్లును, దండన జరుగు తావును ఒక్క ప్రహరీలోపలనే యుండుటచేత, ‘గడిలకెల్లి పిలుపొచ్చింది’ అన్నంతనే వెట్టికో, తగవునకో, దెబ్బలకో రమ్మనిరని వినువాడు గ్రహించెడివాడు. అట్లు ఆ పదము గోడలను దాటి అధికారమునకే పేరయ్యెను. నాడు నల్లగొండ జిల్లాలోనిదైన జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి పెత్తనము సాగిన దినములలో, పాలకుర్తి చాకలి ఐలమ్మ సాగుచేసిన పంటను గడి కాజేయబూనగా, ఆమె దొరల పెత్తనమునెదిరించిన ప్రజాసంస్థయగు ఆంధ్రమహాసభ అండతో దానిని దక్కించుకొనెను. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుగా సాగిన జనముపై గడి మనుష్యులు తుపాకులు పేల్చగా దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. జనులు ఆంధ్రమహాసభను ‘సంఘం’ అనిరి. నాటి పల్లెలలో గడికి ఎదురు నిలిచిన పదమిదియే. ఈ రెండు మాటల నడుమనే తెలంగాణ సాయుధపోరాట చరిత్ర యెల్ల ఇమిడియున్నదనిన అతిశయోక్తి కాదు.

నేటి మహబూబాబాదు జిల్లాలోని చిన్నగూడూరున జన్మించిన దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో గడి జీవితమును, దాని నీడలో నలిగిన దాసీల దుఃఖమును ఆ ప్రాంతపు నుడికారముతోనే చిత్రించెను.

దొరతనము పోయినను పదము పోలేదు. ఏకవ్యక్తి పెత్తనమును నిందించువారు నేటికిని ‘గడీల పాలన’ యనియే యందురు. ఎల్ల, చదరము అను అర్థములతోనే తృప్తిచెందు నిఘంటువు ఈ ప్రయోగమును గూడ చేర్చుకొనవలసియున్నది.