ఉస్మానియా: బడి భాష, ఇంటి భాష

హైదరాబాదు వెళ్ళినప్పుడు చార్మినారును, గోల్కొండను మన పిల్లలకు తప్పక చూపిస్తాం. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని కూడా చూపించాలి. బడిలో ఒక భాష, ఇంట్లో మరొక భాష పలికే మన పిల్లలకు దాని చరిత్ర చాలా దగ్గరిది.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో ఫర్మానా జారీ చేయగా, మరుసటి ఏడు ఈ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశమంతటా ఉన్నత విద్య ఆంగ్లంలో సాగుతున్న కాలమది. ఉస్మానియా ఉర్దూను బోధనాభాషగా స్వీకరించి, ఆంగ్లాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. అనువాద విభాగాన్ని నెలకొల్పి చరిత్ర, తత్త్వం, గణితం, విజ్ఞానశాస్త్రాల గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. కావలసిన పారిభాషిక పదాలను కూర్చుకున్నారు. వైద్యం, ఇంజనీరింగు సైతం ఆ భాషలోనే బోధించారు. భారతీయ భాషలో ఉన్నత విద్య సాధ్యమేనని అలా రుజువైంది.

1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం నేటికీ ఆ ప్రాంగణానికి ముఖచిత్రం. బెల్జియం దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ దీనికి రూపకల్పన చేశారు. గులాబీ ఛాయ గ్రానైటు కట్టడంలో ఇస్లామీయ కమానులు, అజంతా, ఎల్లోరాలను తలపించే స్తంభాలు కలిసి నిలిచాయి.

అయితే తరగతి గదిలో అంతటి కలయిక లేదు. సంస్థానంలో అత్యధికుల ఇంటి భాష ఉర్దూ కాదు. తెలంగాణ పల్లెల్లో అది తెలుగు. తెలుగు శాఖలో రాయప్రోలు సుబ్బారావు వంటి కవి బోధించినా, మిగిలిన శాస్త్రాలకు తెలుగులో చోటు లేకపోయింది. 1938లో వసతిగృహాల్లో వందేమాతరం పాడినందుకు ఎందరో విద్యార్థులను బహిష్కరించారు. ఆ ఉద్యమంలో పాల్గొన్న పి.వి. నరసింహారావు నాగపూరు వెళ్ళి చదువు కొనసాగించారు.

1948 తరువాత ఉర్దూ స్థానంలోకి ఆంగ్లం వచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలు సిద్ధం చేయడంతో కళాశాల చదువులకు తెలుగు దారి విశాలమైంది. బిరుదురాజు రామరాజు జానపద గేయాలపై ఇక్కడే పరిశోధించి డాక్టరేటు పొందారు. పల్లె స్త్రీలు పనిలో పాడుకునే పాట విశ్వవిద్యాలయంలో శాస్త్రమైంది. ప్రాంగణ జీవితం పుస్తకాలకే పరిమితం కాలేదు. 1969లోనూ, 2009 తరువాతనూ తెలంగాణ ఉద్యమానికి ఇక్కడి విద్యార్థులు ముందు నిలిచారు.

మన పిల్లలకు ముఖ్యంగా చెప్పవలసిన పేరు సి. నారాయణరెడ్డి. ఆయన పట్టభద్ర విద్య ఉర్దూ మాధ్యమంలోనే సాగింది. తరువాత తెలుగులో పరిశోధన చేసి, అదే విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. ‘విశ్వంభర’కు 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. బడిలో నేర్చిన ఉర్దూ ఆయనకు అడ్డు కాలేదు. తెలుగులో గజళ్ళు రాయడానికి తోడ్పడింది.

మన పిల్లల బడి భాష నేడు ఆంగ్లం. దానివల్లనే తెలుగు దూరమవుతుందని మనం దిగులు పడనక్కరలేదు. ఆ భాషకు ఇంట్లో కొంత సమయం, చదవడానికి మంచి పుస్తకాలు, ఓపికగా నేర్పే పెద్దలు ఉండాలి. అవి సమకూర్చడం మన చేతిలో పని.